బండ్లు తిరిగే మలుపు

ఐలవ్వను చంపింది జాతరకొచ్చిన చుట్టాలే. ఆ ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. జాతర వారం ఉందనగా ఆమె భర్త వెంకటి ఏటా ఈ మాట అంటాడు. ఏడుస్తూ అనడు. ఎద్దు కాలు కుంటుతోందని చెప్పినంత మామూలుగా అంటాడు.

"జరంతోని కాలుతున్న మనిషితోని వండిచ్చుకొని తిన్నరు. మూతులు తుడుచుకొని పోయిండ్రు. మల్ల దినాలకొచ్చి తిన్నరు. నేనైతె మరువ."

వంటింటి గడప దగ్గర కూర్చుని చాటలో మినపపప్పు చెరుగుతున్న నవత తల ఎత్తలేదు. మామ నోటి నుంచి రాబోయే తర్వాతి మాట కూడా ఆమెకు తెలుసు. అది వచ్చింది.

"పప్పు జరంత ఎక్కువ నానబొయ్యి. పోయినేడు గారెలు తక్కువైనయని అన్న నలుగుట్ల అన్నడు."

ఈ రెండు మాటలూ ఒకే నోట్లో ఎట్లా ఇముడుతాయో నవతకు అర్థం కాదు. కోపం రాదు, వింతగా ఉంటుంది. అత్తను చంపినవాళ్లు వీళ్లేనని చెప్పే మనిషి, మళ్లీ వాళ్లకే గారెలు తక్కువ కాకూడదని చెబుతున్నాడు. అత్త పోయినప్పటి నుంచి మామ తన అన్న అంతయ్యతో సరిగ్గా మాట్లాడడు. అంతయ్యకు కరీంనగర్‌లో బట్టల దుకాణం. కులపెద్ద, జాతర కమిటీకి కూడా పెద్ద. ఏటా కొడుకులు, కోడళ్లు, మనవళ్లు, వియ్యపువాళ్లతో రెండు బండ్ల నిండా దిగుతాడు. మామ ఆయన పక్కనే కూర్చుని, ముఖం అటు తిప్పుకుని తింటాడు. క్షమించకపోవడం అంటే ఆ ఇంట్లో అంతే. ముఖం తిప్పుకోవడం మగవాళ్ల వంతు. వడ్డించడం మాత్రం నవత వంతు.

మైలారంపల్లె హుజూరాబాద్‌కు, జమ్మికుంటకు మధ్యన ఉంటుంది. ఊరి చివర నర్సింహస్వామి గుట్ట. జాతర నాటి సాయంత్రం బండ్లు ఆ గుట్ట చుట్టూ తిరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చేది అది చూడటానికే. ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్లే. మొదటి బండికి మాత్రం ఇంకా ఎద్దులే కడతారు. అది పద్మశాలీల బండి, దేవునికి కట్టే కొత్త బట్ట అందులో పోతుంది. మీసాలు రాని వయసు నుంచి దాని పగ్గాలు వెంకటివే. ఆ బండి వాడ వెంట వస్తూ ప్రతి గడప ముందు ఆగుతుంది. ఇంటి కోడలు బయటికి వచ్చి, పసుపు కలిపి వేపకొమ్మ వేసిన నీళ్లు చక్రానికి పోస్తుంది. దాన్ని సాక అంటారు. సాక పడనిదే బండి ఆ గడప దాటదు. సాక పోసిన కోడలు లోపలికి పోతుంది. బండి గుట్టకు పోతుంది.

ఇచ్చోడ నుంచి కోడలై వచ్చి నవతకు పదేళ్లు దాటింది. ఏటా సాక పోసింది. ఏటా లోపలికి పోయింది.

*

నవత హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. పిల్లలను చేర్పించడానికి తల్లిదండ్రులు వస్తే కరస్పాండెంట్ సారు గదిలోంచి "నవతా, మన గెస్టులకు చాయ్" అంటాడు. ఆమె పక్క కుర్చీలో అదే పనిచేసే రాకేశ్‌ను ఎన్నడూ అనడు. ఒకసారి ఆమె చాయ్ కప్పులు బల్ల మీద పెడుతుంటే, "జర నవ్వుకుంట ఇయ్యాలమ్మా, మన కాలేజీ పేరు ఆ నవ్వు మీదనే ఉంటది" అన్నాడు. ఇంట్లో చుట్టాలు, ఇక్కడ గెస్టులు. రెండుచోట్లా ఆమె చేతిలో పళ్లెమే.

ఆ ఆఫీసుకే ఒకరోజు దూరవిద్య వాళ్ల కరపత్రం వచ్చింది. సాంస్కృతిక పర్యాటకం, ప్రణాళిక, నిర్వహణ. ఏడాది డిప్లొమా. ఆదివారాలు కరీంనగర్‌లో తరగతులు. నవత దాన్ని రెండుసార్లు చదివింది. ఎక్కడికీ పోని మనిషికి, పోయేవాళ్ల గురించి ఇంత చదువు ఉంటుందన్న సంగతే విడ్డూరంగా తోచింది. మనుషులు తమ ఊరు విడిచి ఇంకొకరి ఊరు ఎందుకు చూస్తారు? చూసినప్పుడు ఏం చూస్తారు? చూపించేవాళ్లు ఏం దాస్తారు? ఇవన్నీ ఎవరో కూర్చుని ఆలోచించి పాఠాలుగా రాశారు.

భర్త నరేశ్ జమ్మికుంట పత్తి మార్కెట్లో గుమస్తా. కరపత్రం చూసి నవ్వాడు.

"టూరిజమా? ఎటు పోతవే నువ్వు టూరు? హుజూరాబాద్ కాంచి మైలారంపల్లె, మైలారంపల్లె కాంచి హుజూరాబాద్. గదే కద నీ టూరు."

"పోయేటందుకు కాదు. చదివేటందుకు."

"చదువు పో. ఆదివారం బువ్వ వండిపెట్టి పో."

ఆమె వండిపెట్టి పోయింది. పాఠాలు ఆమెను పట్టుకున్నాయి. మధ్యాహ్నం ఆఫీసులో పని సన్నగిల్లినప్పుడు చదివేది. బస్సులో చదివేది. ఒక పాఠంలో ఒక ప్రశ్న ఉంది: సందర్శకులు రాకముందు ఆ చోటు ఎవరిది, ఉన్నప్పుడు ఎవరిది, పోయాక ఎవరిది? ఆ ప్రశ్నతో ఆమె వారం రోజులు తిరిగింది. కాలేజీ వరండాను చూసి అడిగింది. బస్టాండును చూసి అడిగింది. తన వంటింటిని చూసి అడగబోయి, జవాబు ముందే తెలిసినట్టయి ఊరుకుంది. ఇంకో పాఠంలో ధారణ సామర్థ్యం అన్న మాట వచ్చింది. ఒక చోటు చెడిపోకుండా ఎంతమందిని మోయగలదో అది. కోటకు ఉంటుందట, జలపాతానికి ఉంటుందట, అడవికి ఉంటుందట. దాటితే ఆ చోటు మెల్లగా చస్తుందట. చూసేవాళ్లకు చాలాకాలం తెలియదట, ఎందుకంటే పైకి బాగానే కనిపిస్తుంది. ఆ వాక్యం దగ్గర నవతకు అత్త గుర్తొచ్చింది. ఐలవ్వ పైకి బాగానే కనిపించేది. జ్వరం వచ్చిన రోజు కూడా కొంగు నడుముకు దోపుకుని మూకుడు ముందే ఉంది. "తగ్గుతదిలే, ముందు వీళ్లను పోనియ్యి" అంది. అంతకుమించి అత్త తన గురించి ఏం చెప్పిందో నవత ఎంత వెతికినా దొరకలేదు. ఆరేళ్లు ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు. ఉప్పు గురించి మాట్లాడుకున్నారు, నూనె గురించి మాట్లాడుకున్నారు. అత్తకు ఏం చూడాలని ఉండేదో నవత అడగలేదు. అడగాలని తట్టలేదు.

చలికాలంలో తరగతి వాళ్లను బస్సులో ఆదిలాబాద్ వైపు తీసుకుపోయారు. ఇచ్చోడ మీదుగా పోతుంటే పుట్టిల్లు ఉన్న వీధి కిటికీలోంచి కనిపించి దాటిపోయింది. అక్కడి నుంచి లోపలికి, అడవి అంచున ఒక గూడెం. వచ్చినవాళ్లకు అక్కడి ఆడవాళ్లే భోజనం పెడతారు, వాగు చూపిస్తారు. అదంతా చూసుకునే ఆమె పేరు జానకీబాయి. వీళ్లు తింటుండగా ఒక జీపు నిండా జనం దిగారు.

"నకో సార్" అంది జానకీబాయి. "ఇయ్యాల అయిపాయె. రేపు రండ్రి."

"ఎంతైనా ఇస్తం అమ్మా."

"పైసల ముచ్చట కాదు సార్. మా పొయ్యి గింతే, మా చేతులు గిన్నే."

జీపు తిరిగిపోయింది. నవత ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచి చూసింది. తలుపు ముందుకొచ్చిన మనుషులకు లేదని చెప్పవచ్చు. చెప్పినా ఆకాశం విరిగి పడలేదు. జీపువాళ్లు కూడా కోపం తెచ్చుకోలేదు. తిన్న తర్వాత ఆమె దగ్గరికి పోయి అడిగింది.

"ఇంటి ముంగటికి వచ్చినోళ్లను వద్దంటె పాపం అనిపియ్యదా అక్కా?"

జానకీబాయి ఆమెను ఎగాదిగా చూసి నవ్వింది. "పాపమేంది? పోయినోళ్లు రేపొస్తరు. మేం పడిపోతె మాకు రేపుంటదా?"

*

పాఠాలు చెప్పే మధులిక మేడమ్, ఎవరి ఊరి ఉత్సవానికి వాళ్లను ప్రణాళిక రాయమంది. జనం ఎటు నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు, నీళ్లు ఎక్కడ, ప్రమాదం ఎక్కడ, వచ్చినవాళ్లను ఎవరు చూసుకుంటారు. నవత జాతర పటం గీసుకుపోయింది. బండ్ల దారి, గుట్ట, తూర్పు వైపు మలుపు, దుకాణాలు. మామను అడిగి, భర్తను అడిగి, శ్రద్ధగా గీసింది. మేడమ్ చాలాసేపు చూసింది.

"బాగుంది. మలుపు దగ్గర జనం ఎటువైపు జరుగుతారు?"

"బయటివైపు అనుకుంట మేడమ్."

"అనుకుంటున్నారా? మీరు ఎక్కడ నిలబడి చూస్తారు?"

"మా గడపల."

"గడప నుంచి మలుపు కనిపిస్తుందా?"

"కనపడది."

"మరి బండ్లు తిరగడం మీరు చూడలేదా?" మేడమ్ గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "పదేళ్ల నుంచి ఆ ఊళ్లో ఉన్నారు కదా?"

మేడమ్ పటాన్ని తిరిగి ఇచ్చేసింది. "విని గీసింది నేను తీసుకోను నవతా. ఈసారి జాతరలో ఆ మలుపు దగ్గర నిలబడండి. మొదటి బండి నుంచి చివరి బండి దాకా చూడండి. చూసింది రాయండి. అది లేకపోతే మీ కోర్సు పూర్తి కాదు."

తిరుగు బస్సులో ఆమె ఆ ప్రశ్న చుట్టే తిరిగింది. ఎందుకు చూడలేదు? ఎవరు వద్దన్నారు? ఆలోచిస్తే ఎవరి ముఖమూ కనబడలేదు. అప్పుడు వాడలో ఆడవాళ్లను అడగడం మొదలుపెట్టింది. సర్వే అని చెప్పింది. నీళ్లు పట్టే దగ్గర, బీడీలు చుట్టే అరుగుల మీద, ఇంటింటికీ పోయి ఒకే మాట అడిగింది. బండ్లు తిరుగుడు సూసిండ్రా? వాడలో పుట్టి పెళ్లై పోయిన ఆడబిడ్డలు ఏటా చూస్తున్నారు, చుట్టాలుగా వస్తారు కాబట్టి. చుట్టాల వెంట వచ్చే పట్నం కోడళ్లు చూస్తున్నారు. ఊరి కోడళ్లు చూడలేదు. ముసలివాళ్లైన కోడళ్లు కూడా చూడలేదు.

మూడిళ్ల అవతల ఉండే కనకవ్వ వెంకటి కంటే పెద్దది. పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది.

"జాతర సూడకేంది పిల్లా? ఏటా సూస్త. బండి వస్తది, నీళ్లు పోస్త, ఎద్దుల తోకలు ఊపుకుంట పోతయి. నేను సూసిన జాతరంటె గా తోకలే."

"తోకల వెంట పోవద్దని ఎవలన్నరు అవ్వా? అత్తనా? దేవుని కట్టడా?"

కనకవ్వ బీడీ ఆకు కత్తిరిస్తున్న చెయ్యి ఆపింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదని ఆమె ముఖంలో తెలిసింది.

"ఎవలనలే బిడ్డా" అంది చివరికి. "బండ్లు తిరిగొచ్చెటాల్లకు మొగోళ్లకు గారెలు వేడివేడిగ ఉండాలె కద. సల్లగైతె బాగుండయి. గందుకు పోతుంటిమి లోపలికి."

"గారెల కోసమా?"

"గారెల కోసమే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కనకవ్వకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నవతకు కూడా నవ్వొచ్చింది, కానీ ఇల్లు చేరేసరికి ఆ నవ్వు పోయింది. ఇన్ని తరాల ఆడవాళ్లను గడప దగ్గర ఆపింది దేవుడు కాదు, కట్టుబాటు కాదు, పెద్దల ఆజ్ఞ కాదు. మూకుట్లో నూనె. ఎవరైనా వద్దని ఉంటే కనీసం వాళ్లతో కొట్లాడవచ్చు. వేడి గారెతో ఏమని కొట్లాడుతారు?

*

కమిటీ మీటింగు మార్కండేయ గుడి వరండాలో జరిగింది. నవత తన ప్రణాళిక చెబుతానంటే అంతయ్య ఉదారంగా ఒప్పుకున్నాడు. "చెప్పనియ్యుండ్రి, మన కోడలే. చదువుకుంటున్నది." ట్రాక్టర్లు ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోవాలంది. సరే అన్నారు. మంచినీళ్ల డ్రమ్ములు గుట్ట కింద కాదు, దారి పొడుగునా పెట్టాలంది. మంచిగుంది అన్నారు. ఆడవాళ్లకు మరుగుదొడ్లు అంది. చూద్దాం అన్నారు. అప్పుడు ఆమె గొంతు సవరించుకుంది.

"ఇంకొకటి. బండ్లు తిరిగే యాల్లకు ఊర్ల ఏ పొయ్యి వెలగద్దు. ఆ ఒక్కపూట అందరికి బడి కాడ వంట. వంటోళ్లను పిలుద్దాం. మొగోళ్లు వడ్డిస్తరు. ఇండ్లల్ల ఉన్నోళ్లు సుత బండ్లు సూస్తరు."

అంతయ్య చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంటె నేను నా తమ్ముని ఇంటికొచ్చి, బడి కాడ పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడాల్నా?"

వరండా అంతా నవ్వింది.

"చుట్టాలను టూరిస్టులను చేసింది పో. ఇగ టికెట్టు సుత పెట్టు బిడ్డా, మా తమ్ముని గడపకు."

మళ్లీ నవ్వులు. అంతయ్య మంచిగానే, తండ్రిలా సర్దిచెప్పాడు. "చూడు నవతా. తొవ్వలు, నీళ్లు, దొడ్లు, గివన్ని జాతర ముచ్చట్లు. వంట జాతర ముచ్చట కాదు. అది ఇంటి ముచ్చట. అయినా మీరు గుట్ట దాక ఎందుకు పోవాలె? జాతర మీ గడపలకే వస్తది కద!"

వెంకటి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చుట్టాలే చంపారని ఇంట్లో చెప్పే నోరు, చుట్టాల ముందు మూసుకునే ఉంది.

ఇంటికి పోయే దారిలో నరేశ్ మోటర్‌సైకిల్ ఆపి మరీ అన్నాడు. "నలుగుట్ల నా పరువు తీసినవ్."

"తప్పు చెప్పిన్నా?"

"తప్పా ఒప్పా కాదే. నువ్వు అడుగుడేంది అంట. నాకు చెప్తె నేనడుగకపోదునా?"

"అడుగుదువా?"

నరేశ్ బండి స్టార్ట్ చేశాడు.

*

జాతర సాయంత్రం నవత అన్నం దించింది. పప్పు, పులిహోర, పచ్చిపులుసు అయ్యాయి. గారెల పిండి రుబ్బి గిన్నెలో ఉంది. పెరట్లో కట్టెల పొయ్యి మీద మూకుడు, మూకుట్లో నూనె. పొయ్యి ముట్టించడమే తరువాయి. డప్పులు దగ్గరికి వచ్చాయి. నవత సాక చెంబు పట్టుకుని గడప దిగింది.

బండి ఆగింది. ఎద్దుల కొమ్ములకు రంగు కాగితాలు, మూపుల మీద కొత్త గుడ్డలు. వెంకటి పగ్గాలు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఎర్ర రుమాలు కట్టుకుంటే మామ ముఖం వేరే మనిషిదిలా ఉంటుంది. నవత చక్రానికి నీళ్లు పోసింది. ఇనుపపట్టా మీది మట్టి తడిసి నల్లబడింది. పగ్గం కదిలింది, బండి కదిలింది.

ఆమె ఇంటివైపు తిరిగింది. తలుపులోంచి చూస్తే చివర పెరట్లో మూకుడు కనిపిస్తోంది. ఇప్పుడు పొయ్యి ముట్టిస్తే, బండ్లు తిరిగివచ్చేసరికి మొదటి వాయి దిగుతుంది. చేతులకు అలవాటే. ఇన్నేళ్లూ ఈ చోటు నుంచి ఆ మూకుడు దాకా ఎన్ని అడుగులో కూడా ఆమె ఎన్నడూ చూసుకోలేదు, కాళ్లే పోయేవి. ఇప్పుడు మొదటిసారి కాళ్లను చూసుకుంది. చదువు పోతుందన్న భయం ఉంది. పోతే పోతుంది, ఇదివరకు లేని చదువే. దానికంటే పెద్దది ఇంకొకటి లోపల కదులుతోంది. ఆ మలుపు అవతల ఏముంది? బండి ఎట్లా తిరుగుతుంది? ఊరంతా ఏటా చూసి వచ్చి గారెలు తింటూ చెప్పుకునేది ఏమిటి? ఈ పూట చూడకపోతే తను కూడా కనకవ్వంత ముసలిదై, పళ్లు లేని నోటితో తోకల గురించి చెప్పి నవ్వుతుంది.

నవత చెంబు అరుగు మీద పెట్టి బండి వెంట నడిచింది.

బండి వెనుక అంతయ్య, ఆయన కొడుకులు, నరేశ్, ఇంకా వాడ మగవాళ్లు. అంతయ్య తిరిగి చూశాడు.

"ఏందమ్మా, ఇంట్ల ఏమన్న తక్కువైందా?"

"లేదు పెద్దమామ. బండ్లు సూడ వస్తున్న."

"మరి గారెలు?"

"పిండి రుబ్బి పెట్టిన. నూనె మూకుట్ల ఉన్నది. ఎవలకు కావాల్నంటె వాళ్లు ఏసుకోవచ్చు."

అంతయ్య అది పరాచికం అనుకుని నవ్వాడు. నరేశ్ దగ్గరికి వచ్చి పళ్ల మధ్య నుంచి, "ఇంటికి పో" అన్నాడు. ఆమె ఆగకుండా, "చూసినంక వస్త" అంది. నలుగురిలో చెయ్యి పట్టుకుని లాగలేక అతడు వెనక్కి తగ్గాడు. మూడో ఇంటి ముందు కనకవ్వ సాక పోసి, నడుం పట్టుకుని నిలబడింది.

"యాడికే?"

"మలుపు దాక."

"పొయ్యి?"

"ముట్టియ్యలే."

కనకవ్వ తన ఇంట్లోకి ఒకసారి చూసింది. రాలేదు. కానీ లోపలికి కూడా పోలేదు.

మలుపు ఆమె పటంలో గీసినట్టు లేదు. ఒకవైపు గుట్ట నుంచి పొడుచుకు వచ్చిన బండరాయి, ఒకవైపు కాలువ. దారి ఆ రెండిటి మధ్య ఇరుకై, ఒక్కసారిగా ఎడమకు విరుగుతుంది. మొదటి బండి అక్కడికి రాగానే డప్పులు ఆగిపోయాయి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అంతమంది జనంలో ఎద్దుల ఊపిరి వినిపించింది. వెంకటి లోపలి ఎద్దు పగ్గం మీద తన బరువంతా వేసి వంగాడు. లోపలి చక్రం దాదాపు నిలబడిపోయింది, బయటి చక్రం దాని చుట్టూ పరుగెత్తింది. ఇరుసు కిర్రుమంది. జనం ఒక్క ఊపున బయటివైపు, కాలువ అంచుకు జరిగారు. పిల్లలు ముందు, తల్లులు వెనుక. ఇక్కడ తాడు కట్టాలి, జనాన్ని రాయి పైకి ఎక్కించాలి అని ఆమె మనసు దానంతట అదే రాసుకుంది. బండి తిరిగింది. డప్పులు మళ్లీ లేచాయి. నవతకు తెలియకుండానే నోటి నుంచి ఒక కేక వచ్చింది. పక్కనున్న పరాయి ఊరి ఆడమనిషి ఆమెను చూసి తనూ కేక వేసింది.

ఒక్కొక్క ట్రాక్టరూ వస్తుంటే ఆమె చూసింది. చాలని అనిపించలేదు. చివరి బండి దాటాక ఎందుకో వెనక్కి తిరిగింది. అక్కడి నుంచి ఊరంతా కనబడుతోంది. రేకులు, పెంకులు, డాబాలు. ప్రతి పెరట్లోంచీ పొగ లేస్తోంది. నిటారుగా, సన్నగా, వాడ వాడంతా. తమ ఇంటి మీద మాత్రం లేదు. జాతరకొచ్చిన జనమంతా ఆ పొగకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఏటా అట్లాగే నిలబడ్డారు.

తిరిగి బండివైపు చూసేసరికి వెంకటి ఆమెను చూస్తున్నాడు. గుట్ట చుట్టి వచ్చిన ఎద్దులను అదే మలుపు దగ్గర ఆపి, పగ్గాలు బిగించి, నిలబడి చూస్తున్నాడు. నోరు తెరిచాడు. నవత ఎదురుచూసింది. ఎద్దు తల విదిలించింది. అతడు నోరు మూసుకుని బండిని ముందుకు నడిపాడు.

*

ఇంట్లో అందరూ బంతికి కూర్చున్నారు. నవత వడ్డించింది. అన్నం, పప్పు, పులిహోర, పచ్చిపులుసు. విస్తర్లో గారెల చోటు ఖాళీగా ఉంది. అంతయ్య ఆ ఖాళీని వేలితో చూపించాడు.

"గిదేంది?"

"వెయ్యలే పెద్దమామ. చెప్పిన కద. పిండి అక్కడనే ఉన్నది."

నరేశ్ తల వంచుకున్నాడు. పట్నం కోడళ్లలో ఒకామె లేవబోయి, భర్త చూపుకు మళ్లీ కూర్చుంది. అంతయ్య నవతను అనలేదు. తమ్ముడివైపు తిరిగాడు.

"ఏందిరా వెంకటీ, కోడలు బండి వెంట మలుపు దాక వస్తె కండ్లకు కానరాలేదా నీకు? ముంగట నువ్వే ఉంటివి కద. నోరు పడిపోయిందా? ఆనాడు ఐలవ్వ గిట్లనే వస్తె ఏం జేసినవ్? కొత్త కోడలు, పారాణి సుత ఆరలే, మలుపు కాడికి ఉరికొచ్చింది. బండి మీది నుంచే ఒక్క మాటంటివి. మల్ల పానం పొయ్యేదాక గడప దాటిందా? మొగోడంటె అట్లుండాలె."

నవత పప్పు గిన్నె పట్టుకుని వెంకటి విస్తరి ముందు వంగి ఉంది. ఆరేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి గురించి ఆమెకు ఇప్పుడొక సంగతి తెలిసింది. ఐలవ్వకు మలుపు చూడాలని ఉండేది. ఉరికి వచ్చింది.

"అత్తమ్మ మలుపు దాక వచ్చిందా మామా?"

వెంకటి ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"బండి తిరిగెటప్పుడు సూసిందా? దానికంటె ముందే మల్లిచ్చినవా?"

ఆమె గొంతులో నింద లేదు. అది తెలుసుకోకుండా ఉండలేని గొంతు. అదే అతడికి భరించరానిదయింది. కలిపిన ముద్దను విస్తర్లోనే వదిలేశాడు.

"గా ముచ్చట నన్ను అడుగకు. నువ్వు అడుగకు, మా అన్నను అననియ్యకు, ఎవలనీ ఎత్తనియ్యకు. మీదవడి పానం తీసినా నా నోట్ల నుంచి ఇగ ఎన్నడు రాదు."